కట్నంగా వచ్చిన దేశం

పోయిన మాఘంలో బంధువుల పెళ్ళికి తెనాలి వెళ్ళాం. భోజనాల్లో పెరుగు వడ్డించే వేళకి మాకు బాబాయి వరసయ్యే ఒకాయన నా పక్క కుర్చీలోకి జరిగి, కనపడ్డప్పుడల్లా అడిగేదే మళ్ళీ అడిగాడు. "ఇంట్లో అమెరికా పాస్‌పోర్టు పెట్టుకుని ఇంకా ఆ గచ్చిబౌలి ట్రాఫిక్కులో ఏం చేస్తున్నావురా?" నేను ఎప్పట్లాగే నవ్వి ఊరుకున్నాను. ఎదురు వరసలోంచి ఇంకొకాయన అందుకున్నాడు. "కట్నం తీసుకోలేదు, ఆదర్శం ఆదర్శం అన్నారు కదండీ అప్పట్లో. ఏకంగా దేశాన్నే కట్నంగా తెచ్చుకున్నాడు వీడు."

అందరూ నవ్వారు. మా ఆవిడ రెండు కుర్చీల అవతల కూర్చుని మా అమ్మాయికి అప్పడం తుంచి పెడుతోంది. తను నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు మాత్రం అంది: "కట్నం అంటే ఇచ్చేసేది కదా. నేనెప్పుడిచ్చాను?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన నోటికొచ్చిన మాట ఆయన సొంతం కూడా కాదు. సంబంధాల వాట్సాప్ గ్రూపులు చూడండి. ఎత్తు, రంగు, నక్షత్రం, పక్కనే "సిటిజన్". అబ్బాయికైనా అమ్మాయికైనా ఆ మాట పక్కన ఉంటే రేటు మారుతుంది. పెళ్ళాడినవాళ్ళకి సంక్రమించే ఆస్తి అది, నిజాంపేటలో రెండొందల గజాల స్థలంలాగా. నేననేది ఏమిటంటే, ఆ లెక్క మొదట్నించీ తప్పు. ఇంట్లో ఒకరికున్న పౌరసత్వం రెండోవాళ్ళకొచ్చే ఆస్తి కాదు, మొదటివాళ్ళ నెత్తిన పడే జామీను. ఈ తేడా తెలుసుకోకుండా మన కుటుంబాలు దేశాలు మారుతున్నాయి. అది సరే, మావాళ్ళు ఫారాలు చదవరు. కానీ చదవడమే పనిగా పెట్టుకున్న మన కథకులకి ఏమైంది?

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆవిడ 1990లో హ్యూస్టన్‌లో పుట్టింది. మామగారు అప్పుడక్కడ పీహెచ్‌డీ చేస్తున్నారు. తనకి నాలుగేళ్ళు నిండకుండానే విజయవాడ వచ్చేశారు. అమెరికా అంటే తనకి గుర్తున్నవి ఒక ఎర్ర మూడుచక్రాల సైకిలు, పక్కింటివాళ్ళ కుక్క. మిగతాదంతా పటమట, బెంజ్ సర్కిల్, ఇంటర్లో కార్పొరేట్ కాలేజీ హాస్టలు, ఆ పైన బీడీఎస్. ఇప్పుడు నిజాంపేటలో సొంత క్లినిక్ నడుపుతోంది. రెండు కుర్చీలు, ఒక అసిస్టెంటు, తొమ్మిదేళ్ళుగా. "డాక్టరమ్మ ఉంటేనే వస్తాం" అనే పేషెంట్లు. ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు కాబట్టి ఇక్కడ తనకున్నది ఓసీఐ కార్డు. ఆ పథకాన్ని 2006లో మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించారు. పేరులో 'సిటిజన్' ఉన్నా అది పౌరసత్వం కాదు. ఓటు లేదు. పొలం కొనుక్కోడానికి లేదు. పోలింగ్ రోజున నేను వేలికి సిరా పూయించుకుని వస్తే తను ఇంట్లో టీ పెడుతూ ఉంటుంది.

అటువైపు దేశమేమో తనని వదల్లేదు. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను లెక్కలు అడుగుతుంది. బయటి బ్యాంకు ఖాతాల్లో సొమ్మంతా కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటిందా, విడిగా ఇంకో ఫారం. తను ముచ్చటపడి మొదలెట్టిన మ్యూచువల్ ఫండ్ సిప్పు ఆపేయాల్సి వచ్చింది, ఎందుకంటే ఇక్కడి ఫండ్ల మీద అక్కడి పన్ను నియమం నడ్డి విరిచేలా ఉంటుంది. నాలుగేళ్ళ వయసు తరవాత కాలు పెట్టని దేశానికి ఏటా లెక్క చెప్పుకునే మనిషిని పట్టుకుని మావాళ్ళు "అదృష్టవంతురాలు" అంటారు.

ఇక వలస సంగతి. నేను వృత్తిరీత్యా ఎవరూ చదవని డాక్యుమెంటేషన్ చదివేవాణ్ణి. పెళ్ళి నుంచి వచ్చాక రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చుని ఈ నియమాలన్నీ చదివాను. బాబాయి అన్నదాంట్లో నిజం ఎంతుందో ముందే ఒప్పుకుంటాను. అమెరికా పౌరురాలి భర్తకి వీసాల సంఖ్య మీద పరిమితి లేదు. ఏటా ఇన్నే అనే కోటా లేదు, దేశానికి ఏడు శాతం అనే మెలిక లేదు. లాటరీ లేదు. నిజం అంతవరకే.

తను ఐ-130 అనే పిటిషన్ వేయాలి. నాకొకటి, మా అమ్మాయికి విడిగా ఇంకొకటి. తల్లి అమెరికన్ అయితే కూతురూ అమెరికనే కదా అని నేనూ అనుకున్నాను. కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరే పౌరులై, బిడ్డ బయట పుడితే, ఆ ఒక్కరూ అంతకుముందు కనీసం ఐదేళ్ళు అమెరికా నేల మీద ఉండి ఉండాలి. అందులో రెండేళ్ళు పద్నాలుగో ఏడు నిండాక అయ్యుండాలి. నాలుగేళ్ళకే వచ్చేసిన మనిషికి ఆ లెక్క కుదరదు. అదే మా అమ్మాయి వలస వీసా మీద అక్కడ దిగి తల్లి దగ్గర ఉండటం మొదలెడితే, 2000లో వచ్చిన చట్టం ప్రకారం దానంతటదే పౌరురాలైపోతుంది. కన్నతల్లి ఒకరే, పిల్లా ఒకరే. విమానం ఎక్కితే ఒక జవాబు, ఎక్కకపోతే ఇంకొకటి.

తరవాత వచ్చేది ఐ-864. నేను ఇవాళ్టిదాకా చదివిన ప్రేమకథలన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన కాయితం అది. భర్తని తెచ్చుకునే పౌరురాలు ప్రభుత్వానికి రాసిచ్చే పోషణ పూచీకత్తు. ఆవిడ ఆదాయం అక్కడి దారిద్ర్యరేఖకి 125 శాతం ఉండాలి. ముగ్గురి కుటుంబానికి 2025 లెక్కలో సుమారు 33 వేల డాలర్లు. ఆదాయం లేకపోతే, లోటుకి మూడు రెట్లు ఆస్తి చూపించాలి. అంటే సుమారు లక్ష డాలర్లు. అదీ లేకపోతే అక్కడుండే ఇంకెవరైనా జామీను సంతకం పెట్టాలి. ఇంకెవరు సంతకం పెట్టినా తన సంతకం తప్పదు. పైగా తను అక్కడ నివాసం ఉండాలి, లేదా నాతోపాటో నాకంటే ముందో వెళ్ళి అక్కడే కాపురం పెడతానని కాయితాలతో చూపించాలి.

ఈ పూచీ ఎప్పుడు తీరుతుంది? నేను అక్కడి పౌరుణ్ణయితే తీరుతుంది. నేను నలభై త్రైమాసికాల పని, అంటే సుమారు పదేళ్ళ కొలువు, పూర్తిచేస్తే తీరుతుంది. నేను ఆ హోదా వదిలేసి దేశం విడిచిపోతే తీరుతుంది. ఎవరో ఒకరం పోతే తీరుతుంది. విడాకులు తీసుకుంటే మాత్రం తీరదు. మరోసారి చదవండి. తీరదు. రేపు నేను తనతో కాపురం చేయకపోయినా, నాకు పోషణ కావాలని ఆ కాయితం పట్టుకుని తన మీదే కోర్టుకెక్కొచ్చు. ఏడడుగులు తెగినా ఐ-864 తెగదన్నమాట. బాబాయి దీన్నే కట్నం అంటున్నాడు.

మధ్యలో చిన్న ముచ్చట. డీఎస్-260 అని ఇంకో ఫారం ఉంది, అది నేను నింపాలి. పదహారో ఏటినుంచి ఎక్కడెక్కడ ఉన్నానో చిరునామాలన్నీ అడుగుతుంది. ఇంటర్ హాస్టలు, ఇంజనీరింగ్‌లో మూడు హాస్టళ్ళు, ఆ తరవాత అమీర్‌పేటలో టిఫిన్ సెంటరు మీద రెండో అంతస్తు పీజీ. దానికి డోర్ నంబరు ఉండేదా? ఓనరు ఆంటీ పేరు ఆంటీ. నా యౌవనానికి చిరునామా లేదని నాకప్పుడు తెలిసింది.

ఫారాలు పక్కన పెడదాం, హక్కు మాటేమిటి? పౌరురాలు కదా, కట్టుకున్నవాణ్ణి రానివ్వమని హక్కుగా అడగలేదా? సాండ్రా మున్యోజ్ అనే అమెరికన్ అడిగింది. ఆవిడ భర్తది ఎల్ సాల్వడార్. వీసా ఇవ్వలేదు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. భర్తని దేశంలోకి రానివ్వమనడానికి పౌరురాలికి రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కంటూ ఏమీ లేదని 2024 జూన్‌లో కోర్టు తేల్చేసింది. అంటే పాస్‌పోర్టు ఉన్నావిడకి ఉన్నది అర్జీ పెట్టుకునే అర్హత. తలుపు తెరవాలా వద్దా అన్నది తన చేతిలో లేదు.

అసలు ఒకప్పుడు ఇంతకన్నా ఘోరం. 1907 చట్టం ప్రకారం అమెరికన్ స్త్రీ విదేశీయుణ్ణి చేసుకుంటే తన పౌరసత్వమే పోయేది. 1922లో దాన్ని సవరించారు, కానీ పౌరసత్వానికి 'అనర్హుడైన' జాతివాణ్ణి చేసుకున్న స్త్రీలకి ఆ సవరణ వర్తించలేదు. మరుసటి ఏడే భగత్‌సింగ్ థిండ్ కేసులో మనవాళ్ళు శ్వేతజాతీయులు కారు, అనర్హులేనని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే భారతీయుణ్ణి పెళ్ళాడినావిడకి దేశం లేనట్టే. బెంగాలీ విప్లవకారుడు తారకనాథ్ దాస్ భార్య మేరీ దాస్‌కి జరిగిందిదే. ఆవిడ 1926లో 'ది నేషన్' పత్రికలో తన కథ తనే రాసుకుంది, దేశం లేని స్త్రీ అనే అర్థమొచ్చే పేరుతో. 1931దాకా ఆ నియమం పోలేదు. భార్య పౌరసత్వాన్ని భర్తకి తోకలా చూసే ఆ చట్టం పోయి తొంభై ఏళ్ళు దాటింది. మన పెళ్ళి భోజనాల దగ్గర మాత్రం ఇంకా బతికే ఉంది. కాకపోతే అప్పుడు భర్త వల్ల పోయేది, ఇప్పుడు భర్తకి వచ్చేది.

ఇప్పుడు సాహిత్యం. ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను 'డయాస్పోరా కథ' పరిచయం చెయ్యక్కర్లేదు. ఒక కథ మీకూ తెలుసు, అది ఒకే కథ కాదు, ముప్ఫై నలభై ఉంటాయి. హెచ్-4 వీసా మీద వెళ్ళిన అమ్మాయి. ఎమ్‌టెక్ చదివింది. కిటికీలోంచి మంచు చూస్తుంది. అతను ఆఫీసు నుంచి రాత్రెప్పుడో వస్తాడు. ఆవిడ సాంబారు వేడిచేస్తుంది. చివర్లో ఒక కన్నీటిబొట్టో, అమ్మ ఫోనో. అవి అబద్ధం కథలని అనను. 2015లో హెచ్-4 వాళ్ళలో కొందరికి పని అనుమతి వచ్చేదాకా ఆ కిటికీలు వేల ఇళ్ళలో ఉన్నాయి. నేనూ ఆ కథలు చదివి జాలిపడ్డాను. ఒకటి రెండింటి మీద సమీక్షలు రాసి 'ఆర్ద్రత' అనే మాట వాడాను కూడా. సిగ్గుగానే ఉంది.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ కథల్లో వీసా ఒక వాతావరణం. మంచులాగా అదీ పైనుంచి పడుతుంది. ఎవరు ఎవరికి జామీను, ఏ సంతకానికి ఎన్నేళ్ళ బాధ్యత, ఆ డబ్బెంత, ఇవేవీ ఉండవు. లెక్కలు చెబితే కళ పోతుందని భయం కాబోలు. గురజాడకి ఆ భయం లేదు. 'కన్యాశుల్కం'లో సుబ్బిని ఎవరికి ఎంతకి అమ్ముతున్నారో అంకెతో సహా స్టేజి మీద చెప్పిస్తాడు. ఆ అంకె లేకపోతే ఆ నాటకానికి పళ్ళు ఉండవు. మన డయాస్పోరా కథకి పళ్ళు లేనిది అందుకే, మెత్తదనం వల్ల కాదు. పైగా ఆ కథల్లో పౌరసత్వం ఎప్పుడూ గమ్యం, చివరి పేజీలో చేతికందే బహుమతి. అది మొదటి పేజీనుంచే ఒకరి చేతిలో ఉన్న ఇల్లు, ఆ ఒక్కరే అందరి బరువూ మొయ్యాల్సిన ఇల్లు, నేను చదివిన కథల్లో లేదు. అలాంటి ఇళ్ళు ఇవాళ బోలెడు. ఎనభైలు తొంభైల్లో అక్కడ పుట్టి ఇక్కడ పెరిగినవాళ్ళు ఇప్పుడు పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారు మరి.

ఇదంతా ఫోన్లో ఒక స్నేహితుడికి చెబితే విసుక్కున్నాడు. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటు. అక్కడ పద్నాలుగేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. మనవాళ్ళ ఈబీ-2 వరస 2025లో కూడా 2012, 2013 నాటి దరఖాస్తుల దగ్గరే కదలాడింది. ఇక్కడ పుట్టి వాడితో వెళ్ళిన పెద్దకూతురికి ఇరవై ఒకటి నిండితే వాడి దరఖాస్తులోంచి జారిపోతుంది. "ఒరేయ్, మీ ఆవిడ సంతకం పెడితే అయిపోయేదానికి నువ్వు వ్యాసాలు రాస్తున్నావు. కడుపు నిండిన బేరం" అన్నాడు. వాడి బాధ ముందు నాది చిన్నదే, కాదనను. కానీ వాడి మాటలోనే నాకు కావాల్సింది ఉంది. "మీ ఆవిడ సంతకం పెడితే అయిపోయేది." వాడికి కూడా అక్కడ కనపడింది సంతకమే. పెట్టే చెయ్యి కనపడలేదు.

నాకు మాత్రం కనపడిందా? రెండు నెలల చదువు తరవాత నేను చేసిన పని, మా జాతివాళ్ళు ఎవరైనా చేసేదే, ఎక్సెల్ షీటు తయారుచెయ్యడం. డల్లాస్‌లో అద్దె, బీమా, కారు, అమ్మాయి స్కూలు. నా జీతం అంచనా ఒక వరస. తన ఆదాయం ఇంకో వరస. ఆ వరసలో మొదటి మూడేళ్ళకి నేను సున్నా వేశాను. లెక్కప్రకారం సరైనదే. ఇక్కడి బీడీఎస్‌తో అక్కడ పన్ను పీకనివ్వరు. ఐఎన్‌బీడీఈ అనే పరీక్ష రాసి, ఆ పైన చాలా రాష్ట్రాల్లో రెండుమూడేళ్ళ కోర్సు మళ్ళీ చదవాలి. ఫీజు లక్ష డాలర్లు దాటుతుంది. నాకేమో గ్రీన్‌కార్డుతో దిగిన మర్నాటినుంచీ ఏ కంపెనీలోనైనా చేరొచ్చు. అంటే ఆ దేశపు పౌరురాలు అక్కడికెళ్ళి పనిలేనిదవుతుంది. ఆ దేశానికి ఏమీకాని నేను వెళ్ళి సంపాదనపరుణ్ణవుతాను. అన్నిటికంటే విచిత్రం, నన్ను పోషిస్తానని పూచీ రాసివ్వాల్సింది ఆ సున్నా గడిలో ఉన్న మనిషి.

షీటు తెరిచి ఉంచి నేను నీళ్ళు తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తను స్క్రీన్ చూస్తోంది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక అంది: "క్లినిక్ తెరిచిన మొదటి నెల కూడా ఇంతలేదు. నాలుగు వేలు వచ్చింది."

నేను అంచనా మాత్రమే అన్నాను. మామయ్యగారి తమ్ముడు అక్కడే ఉన్నారు, జామీను సంతకం పెడతారు అన్నాను. నువ్వు ముందెళ్ళి ఆయనింట్లో ఏడాది ఉంటే నివాసం కూడా తేలిపోతుంది, అమ్మాయిని నేను చూసుకుంటా అన్నాను. మాట్లాడుతుండగానే నాకు వినపడింది, నేను మాట్లాడుతున్నది బాబాయి గొంతుతోనని. హెచ్-4 కథల్లో కిటికీ దగ్గర అమ్మాయి మీద జాలిపడినవాణ్ణి, మా ఆవిడకి ఒక కిటికీ చూసిపెడుతున్నాను. ఆ కథలు చదవడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఇందులో తప్పు నాదెంత, కథలదెంత అని మీరడిగితే ఎక్కువ వాటా నాదే అంటాను. కానీ ముప్ఫై కథలు చదివిన పాఠకుడు ఆ సున్నా అలవోకగా వెయ్యగలిగాడంటే, వాటిలో ఏదో ఒకటి సరిగ్గా చెప్పలేదనే కదా.

"నీకు వెళ్ళాలనుందా?" అని తను అడిగింది. ఉందన్నాను. నిజం, ఉంది. ఇక్కడి పని మీద విసుగు, అమ్మాయి చదువు, కాస్త చూసొద్దామనే ఆశ, అన్నీ ఉన్నాయి. "మరి నా పాస్‌పోర్టు లేకపోతే వెళ్ళేవాడివా? హెచ్-1 లాటరీ వేసేవాడివా?" అంది. ఎప్పుడూ వెయ్యలేదు నేను. ఇరవై నాలుగేళ్ళప్పుడు కంపెనీ వేస్తానంటే కూడా వద్దన్నాను. "అయితే నీకు వెళ్ళాలని లేదు. నా దగ్గరుంది కాబట్టి వాడకపోతే వృథా అనిపిస్తోంది" అంది. ఫ్రిజ్‌లో మిగిలిన కూర గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఇంతవరకూ ఐ-130 వెయ్యలేదు. తను ఐఎన్‌బీడీఈ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకుంది. రాస్తుందో లేదో తన ఇష్టం, అడగొద్దంది. రాసి, ఆ కోర్సులో సీటు తెచ్చుకుని, తన పని మీద తను వెళ్ళాలనుకుంటే అప్పుడు నేనూ అమ్మాయీ వెనకాల వెళ్తాం. అప్పుడైనా ఫారాలు అవే, సంతకాలు అవే. షీటు మాత్రం నేను తయారుచెయ్యను.

వచ్చే మాఘంలో చీరాలలో ఇంకో పెళ్ళి ఉంది. బాబాయి తప్పకుండా వస్తాడు. ఈసారి భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో తనే కూర్చుంటానంది.